అటక మీది ట్యాంకును ముందు విప్పి చూడండి

సంపాదకులకు నమస్కారం.

పాత ఆటబొమ్మల మీద జ్ఞాపకాల వ్యాసాలు పత్రికల్లో తరచూ వస్తున్నాయి. చాబీ తిప్పితే నడిచే రేకు ట్యాంకు, దీపావళి రీలు తుపాకీ, సీసపు సిపాయిలు, వెదురు బొంగు తుపాకీ... చదువుతుంటే హాయిగానే ఉంటుంది. అయితే దాదాపు అన్నింట్లోనూ ఒక మాట మాత్రం తప్పకుండా ఉంటుంది: ఆనాటి బొమ్మలు గట్టివి, ఈనాటివి నాసిరకం అని. పాత బొమ్మలు విప్పి బాగుచేసేవాళ్ళు ఈ మాట ఒప్పుకోరు. విరిగినవి, తుప్పు పట్టినవి ఎప్పుడో పాత సామాన్లవాడి తక్కెడలోకి పోయాయి. మిగిలిన నాలుగింటిని చూసి అన్నీ గట్టివే అనుకుంటున్నాం. నిజానికి ఆనాటి రేకు అంచులు చేతులు కోసేవి. రంగుల్లో సీసం ఉండేది. తుపాకీ మందు కళ్ళకు ప్రమాదం.

పాత బొమ్మ గొప్పతనం గట్టితనంలో లేదు. దాన్ని విప్పవచ్చు, లోపల ఏముందో చూడవచ్చు, మళ్ళీ బిగించవచ్చు. ఇప్పటి బొమ్మను జిగురుతోనో వేడితోనో అతికేస్తున్నారు కాబట్టి ఒకసారి ఆగిందంటే ఇక చెత్తబుట్టే. వ్యాసం చదివిన ఉత్సాహంతో అటక మీంచి ట్రంకు పెట్టె దింపి, అందులోని ట్యాంకును నేరుగా మనవడి చేతిలో పెట్టేవాళ్ళ కోసమే ఈ ఉత్తరం. అది దేనితో చేసిందో ముందు తెలుసుకోవాలి.

చాబీ ట్యాంకుతో మొదలుపెడదాం. ఎక్కువ ఇళ్ళలో మిగిలినది ఇదే, ఎక్కువమంది పాడుచేసేదీ ఇదే. దొరకగానే చాబీ తిప్పకండి. తిరగకపోతే 'ఎక్కువ తిప్పడం వల్ల స్ప్రింగు బిగుసుకుపోయింది' అంటారు. ఆ మాట చాలావరకు అపోహే. స్ప్రింగు నిండా చుట్టుకుని ఆగిందంటే, దాని బలాన్ని ముందుకు పోనివ్వని అడ్డం ఇంకెక్కడో ఉందన్నమాట. ఏళ్ళ కిందట వేసిన నూనె ఎండి జిగురుగా మారి, పళ్ళచక్రాల ఇరుసులను పట్టేసి ఉంటుంది. లైటర్లో పోసే పెట్రోలుగానీ తెల్ల కిరోసిన్‌గానీ ఒక్కో ఇరుసు చివర ఒక్కో చుక్క వేసి, వేలితో చక్రాలను అటూ ఇటూ కదిపి, ఒక పూట వదిలేయాలి. నిప్పుకు దూరంగా, కిటికీ తెరిచి ఈ పని చేయాలి. ఆ చుక్క పైన అచ్చువేసిన రంగుకు తగిలితే రంగు లేచిపోతుంది కాబట్టి పుల్లతో వేయండి, సీసాతో కాదు.

అప్పటికీ కదలకపోతేనే విప్పాలి. విప్పే ముందు స్ప్రింగులో ఉన్న బలాన్ని దించేయాలి. చాబీని గట్టిగా పట్టుకుని, పంటిచక్రాన్ని అడ్డుకునే చిన్న నాలుకను సన్నటి పుల్లతో ఎత్తి, చాబీని చేతిలోనే మెల్లగా వెనక్కి తిరగనివ్వాలి. ఇది చేయకుండా తెరిస్తే లోపలి ఉక్కు పట్టీ ఒక్కసారిగా విచ్చుకుని వేళ్ళు కోస్తుంది. రేకు బొమ్మల రెండు సగాలనూ కలిపి ఉంచేవి అంచుల్లో మడిచిన చిన్న రేకు నాలుకలు. వాటిని మడిచి తెరిచిన ప్రతిసారీ లోహం గట్టిపడి పెళుసవుతుంది. రెండోసారికో మూడోసారికో ఊడి చేతిలోకి వస్తుంది. అందుకే అన్నింటినీ నిలువుగా లేపకండి. ఒక పక్కవి మాత్రమే, సగం బయటికి రావడానికి సరిపడా లేపితే చాలు. స్క్రూడ్రైవరు వాడితే రంగు గీసుకుపోతుంది, చదునుగా చెక్కిన వెదురు బద్ద మేలు.

మళ్ళీ నూనె పెట్టేటప్పుడు కుట్టుమిషను నూనె ఒక్కో ఇరుసుకు సూది మొనతో ఒక చుక్క చాలు. పళ్ళకు వద్దు, దుమ్ము అంటుకుని మళ్ళీ అదే జిగురవుతుంది. స్ప్రింగుకు గ్రాఫైటు గ్రీజు కొద్దిగా పూస్తే సరిపోతుంది. కొబ్బరినూనె మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, చలికాలం రాగానే గడ్డకడుతుంది. ఇక పైభాగం. మనవాళ్ళ చేతికి ముందు తగిలేది చింతపండు. ఇత్తడి చెంబుకు అది మంచిదేగాని, రేకు మీది అచ్చురంగుకూ తగరపు పూతకూ విషం. సబ్బు నీటిలో ముంచి గట్టిగా పిండిన దూదితో తుడిచి, వెంటనే పొడిబట్టతో అద్దాలి. థిన్నరు, గోళ్ళరంగు తుడిచే మందు, గరుకు కాగితం జోలికి పోకండి. తుప్పు ఉన్నచోట నూనె అద్ది ఆపడమే మనం చేయగలిగింది. పోయిన రంగు మళ్ళీ రాదు, కొత్త రంగు వేస్తే బొమ్మ విలువ కూడా పోతుంది.

రబ్బరు పట్టాలు ఎండి విరిగిపోయి ఉంటాయి. కొత్తవి కొనక్కర్లేదు. సైకిలు ట్యూబును ఉంగరంలా అడ్డంగా కోస్తే అతుకు లేని పట్టా వస్తుంది. చిన్న ట్యాంకుకు అదే సరిపోతుంది, పెద్దదానికి స్కూటరు ట్యూబు కావాలి. చక్రాల చుట్టూ దారం వేసి కొలిచి, అంతకన్నా పదోవంతు తక్కువ చుట్టుకొలత ఉన్న ఉంగరాన్ని ఎంచుకోండి. మరీ బిగువైతే లోపలి స్ప్రింగు మోటారు లాగలేదు, వదులైతే చక్రం తిరుగుతుందిగాని ట్యాంకు కదలదు. ఫిరంగి మూతి నుంచి నిప్పురవ్వలు రావడం లేదంటే లోపలి లైటరు రాయి పాడయినట్టే. ఆ రాయి చెమ్మకు బూడిదరంగు పొడిగా మారి, ఉబ్బి గొట్టంలో ఇరుక్కుంటుంది. సూదితో తవ్వి తీసి, మామూలు లైటరు రాయి వేస్తే చాలావాటికి సరిపోతుంది. ఆడించనప్పుడు రాయి తీసి విడిగా పెట్టాలి. హైదరాబాదు వానాకాలం రెండు మూడు చాలు, అది మళ్ళీ ఉబ్బడానికి.

హుసేన్‌సాగర్ ఒడ్డున నిలిపిన, 1971 యుద్ధంలో పట్టుబడ్డ పాటన్ ట్యాంకును చూసినవాళ్ళు లెక్కపెట్టి ఉంటారు, దానికి ఒక్కో పక్క ఆరు రోడ్డు చక్రాలుంటాయి. రేకు ట్యాంకుల్లో చాలావాటికి నిజంగా తిరిగేవి రెండో మూడో, మిగతావి రేకు మీద అచ్చువేసిన బొమ్మలు. లోపల మోటారుకు జాగా కావాలిగా మరి!

బ్యాటరీ బొమ్మల సంగతి క్లుప్తంగా. లోపలే వదిలేసిన పాత సెల్లు కారి, తీగలను తినేసి ఉంటుంది. మామూలు జింక్ కార్బన్ సెల్లు కారితే అది ఆమ్లం, వంటసోడా నీటితో తుడవాలి. ఆల్కలైన్ అయితే క్షారం, నిమ్మరసం కలిపిన నీళ్ళతో. తెలియకుండా అన్నింటికీ ఒకే మందు వేస్తే తుప్పు ఆగదు.

అన్నింటికన్నా జాగ్రత్తగా ఉండాల్సినవి సీసపు సిపాయిలు. ఇంగ్లండులో బ్రిటన్స్ సంస్థ 1893లో బోలు పోతతో సిపాయిలను తేవడంతో అవి చవకయ్యాయి. కరిగిన సీసాన్ని అచ్చులో పోసి, అంచులు గట్టిపడగానే మధ్యలో మిగిలినదాన్ని తిరిగి ఒంపేస్తారు. లోహం తక్కువ పడుతుంది, బొమ్మ తేలికవుతుంది. సిపాయి ఎత్తు 54 మిల్లీమీటర్లు అన్న కొలత వాటితోనే స్థిరపడింది. ఆ సంస్థ 1966లో సీసం మానేసింది. ఈ ఊళ్ళో అలాంటి సైన్యాలను చూడాలనుకునేవాళ్ళు సాలార్‌జంగ్ మ్యూజియం పిల్లల విభాగానికి వెళ్తే బారులు తీరిన సిపాయిలు కనిపిస్తారు. అక్కడ అద్దం వెనక ఉన్నాయి, ఇంట్లోనూ అద్దం వెనకే ఉండాలి.

ఇంట్లోది సీసమా కాదా తేల్చుకోవడం కష్టం కాదు. పరిమాణానికి మించిన బరువు ఉంటుంది. రంగు పోయినచోట గోరు దిగబడుతుంది, తెల్లకాగితం మీద గీస్తే పెన్సిలు గీత పడుతుంది. సీసమని తేలితే నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకే కాదు, పెద్దపిల్లలకూ ఇవ్వకూడదు. పైరంగు కూడా సీసపుదే. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల్లో 90 భాగాలకు మించరాదన్న నియమం 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు బొమ్మకు వేసిన రంగు ఏదైనా అనుమానించాల్సిందే. గీకవద్దు, పొడిబట్టతో దులపవద్దు, తడిబట్టతో తుడిచి ఆ బట్టను పారేయండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

సిపాయి మీద తెల్లటి పొడి పేరుకుంటే అది బూజు కాదు, సీసమే కార్బొనేటుగా మారుతోంది. కారణం ఎక్కువసార్లు పెట్టిన చోటే. కొత్త చెక్క, ప్లైవుడ్డు, అట్టపెట్టె, వీటి నుంచి సన్నగా వచ్చే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి సీసాన్ని తింటుంది. అంటే ముచ్చటపడి చేయించిన టేకు పెట్టె కన్నా మూత బిగువుగా పట్టే పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ డబ్బా, అందులో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం ఒకటి మేలన్నమాట. పొడి రాలుతున్న సిపాయిని మిగతావాటి నుంచి విడదీయాలి. విరిగినదాన్ని కరిగించి మళ్ళీ పోతపోద్దామనే ఆలోచన వంటింట్లో అసలు చేయకండి.

ప్లాస్టిక్ సిపాయిలకు శత్రువు అటక. ఎండాకాలం మన ఊళ్ళో స్లాబు కింద వేడి ఏపాటిదో అందరికీ తెలుసు. మెత్తటి పాలిథిన్ సిపాయిలు కొన్ని అక్కడ ఏళ్ళతరబడి ఉండి, ముట్టుకుంటే పటుక్కుమనేంత పెళుసవుతాయి. దానికి మందు లేదు. కానీ తుపాకీ వంగిపోయిన సిపాయికి ఉంది. పొయ్యి మీంచి దించిన వేడినీళ్ళలో నిమిషంసేపు ముంచి, వేళ్ళతో సరిచేసి, అలాగే పట్టుకుని చల్లనీళ్ళలో పెట్టాలి. పాలిథిన్ మీద మామూలు రంగు నిలవదు, జిగురూ పట్టదు. అతికించి ఏడ్చేకన్నా విరిగినదాన్ని విరిగినట్టే ఉంచడం నయం. మరో సంగతి చాలామందికి తెలియదు. మెత్తటి వినైల్ పట్టాలనూ గట్టి ప్లాస్టిక్ ట్యాంకు చక్రాలనూ కలిపి ఏళ్ళపాటు వదిలేస్తే, పట్టాలోని నూనె ఊరి చక్రాన్ని కరిగించేస్తుంది. దాచేటప్పుడు రెండింటినీ విడదీయాలి.

ఇక రీలు తుపాకీ. దీని మీద జ్ఞాపకాలే ఎక్కువ, జాగ్రత్తలే తక్కువ. గులాబీరంగు కాగితపు రీలు మీది నల్లచుక్కలో ఉండేది పొటాషియం క్లోరేటు, ఎర్ర భాస్వరం ప్రధానంగా కలిసిన మందు. ఒత్తిడికే పేలే గుణం దానిది. క్లోరేటునూ గంధకాన్నీ కలిపిన పేలుడు మందును కేంద్రం 1992లో నిషేధించినప్పుడు, అగ్గిపుల్లల తలలతో పాటు బొమ్మ తుపాకీ కాగితపు బిళ్ళలకూ మినహాయింపు ఇచ్చింది. మినహాయింపు ఆ చుక్కంత మందుకే. పదిపన్నెండు చుక్కలు గీకి పోగుచేసి ఒకేసారి కొట్టడం, రెండు బోల్టుల మధ్య నట్టులో 'పొటాషు' నింపి నేలకేసి కొట్టడం ఆనాటి సాహసాలుగా వ్యాసాల్లో వస్తున్నాయి. బోల్టు తిరిగి మొహం మీదికే వస్తుందని కూడా అదే వ్యాసంలో రాస్తే బాగుండు.

తుపాకీ ఎందుకు త్వరగా తుప్పు పట్టేదో తెలుసా? భాస్వరం కాలితే మిగిలేది గాలిలోని తేమను పీల్చుకుని ఫాస్ఫారిక్ ఆమ్లంగా మారుతుంది. దీపావళి అయిపోగానే తుపాకీని అలాగే పడేస్తే మరుసటి దీపావళికి సుత్తి కదలదు. పాత తుపాకీని బాగుచేయాలంటే వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్ళలో పాత పళ్ళ బ్రష్షుతో సుత్తినీ అది పడే చోటునూ రుద్ది, ఎండలో ఆరబెట్టి, ఒక చుక్క నూనె వేయాలి. రీలు ముందుకు జరగకపోతే చూడాల్సింది దాన్ని నెట్టే చిన్న కొక్కెం. దాని మొన అరిగి ఉంటుంది, లేదా వెనక స్ప్రింగు ఊడి ఉంటుంది. బాల్‌పెన్ను స్ప్రింగును రెండు చుట్లు తగ్గిస్తే కొన్నింటికి పనికొస్తుంది. పోత తుపాకీ మీద సన్నటి పగుళ్ళు అల్లుకుని ఉంటే మాత్రం దాన్ని పేల్చకండి. జింకు పోతలో సీసం మలినంగా కలిస్తే ఏళ్ళ మీద లోహమే లోపల్నుంచి పొడిబారిపోతుంది. జిగురుతో ఆగదు.

పిల్లలకు ఇవ్వడానికి ఏమీ మిగల్లేదా అంటే, మిగిలింది. కొనకుండా చేసుకునేవి. వాటిలో బొంగు తుపాకీది మొదటి స్థానం. ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్‌లో గోంచా అనే రథయాత్ర పండుగనాడు జగన్నాథుడి రథానికి ఇప్పటికీ దీనితోనే సలాము కొడతారు. జానెడు పొడవున, గణుపు లేని సన్నటి వెదురు బొంగు ఒకటి, లోపలి రంధ్రం చిటికెన వేలు దూరనంత. దానిలో వదులు లేకుండా జారే వెదురు పుల్ల ఒకటి, దానికి పిడి. పుల్ల పొడవు బొంగు కన్నా అర అంగుళం తక్కువ ఉండాలి. రహస్యమంతా ఆ అర అంగుళంలోనే ఉంది. నానబెట్టి పిండిన కాగితపు ఉండనుగానీ పచ్చి వేపకాయనుగానీ పుల్లతో బొంగు చివరిదాకా నెట్టాలి. తర్వాత రెండో ఉండ పెట్టి నెడితే, రెండింటి మధ్య గాలి ఒత్తుకుపోయి ముందుది 'ఠప్' మని ఎగురుతుంది. పుల్ల పొట్టిది కాబట్టి రెండోది చివర్లో ఆగి, వచ్చే దెబ్బకు బిరడాగా పనికొస్తుంది. పుల్ల పొడవైతే రెండూ పోతాయి, ప్రతిసారీ మొదట్నుంచి మొదలుపెట్టాలి. చప్పుడు రావడం లేదంటే ఉండ ఎండిపోయిందో, రంధ్రం గుండ్రంగా లేదో, బొంగు చిట్లి గాలి పోతోందో చూడాలి. చిట్లకుండా రెండు చివర్లా దారం బిగించి చుట్టండి. మొహానికి గురిపెట్టకూడదన్నది మాత్రం దీనికీ వర్తిస్తుంది.

అడుగు పొడవు చెక్కముక్క, వెనక ఒక బట్టల క్లిప్పు, ముందు చిన్న గాడి, ఒక రబ్బరు బ్యాండు ఉంటే ఇంకో తుపాకీ తయారు. గులేలు (ఉండేలు) సంగతి వేరు. దాన్ని పెద్దవాళ్ళ కళ్ళముందే, ఖాళీ డబ్బాల మీదే వాడనివ్వాలి. లాగే ముందు ట్యూబు పట్టీల అంచుల్లో పగుళ్ళు ఉన్నాయేమో ప్రతిసారీ చూడాలి, తెగితే కంటికే కొడుతుంది.

పీవీసీ గొట్టంతో చేసే కార్బైడు తుపాకీని మాత్రం దయచేసి ఈ జ్ఞాపకాల జాబితాలో చేర్చవద్దు. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఎంతోమంది పిల్లల కళ్ళు దీనితోనే దెబ్బతిన్నాయి. వెంటనే పేలకపోతే పిల్లలు గొట్టంలోకి తొంగిచూస్తారు, అప్పుడే పేలుతుంది. కంట్లో పడేది మంట ఒక్కటే కాదు, కార్బైడుకు నీళ్ళు తగలగా మిగిలిన సున్నం కూడా. సున్నం కనుగుడ్డు పైపొరను లోతుకు తినేస్తుంది. పడితే నలపకుండా, ఏ మందూ వేయకుండా, కనీసం ఇరవై నిమిషాలు శుభ్రమైన నీళ్ళు ధారగా పోస్తూ కడిగి, వెంటనే మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రికో దగ్గర్లోని కంటి డాక్టరు దగ్గరికో తీసుకెళ్ళాలి.

జుమ్మేరాత్ బజారులోనూ నుమాయిష్‌లోనూ పాత రేకు బొమ్మల కోసం తిరిగేవాళ్ళకు రెండు మాటలు. కొత్తగా చేసి పాతదని అమ్మేవి ఉంటాయి. పాతదిలా కనిపించాలని ఉప్పునీళ్ళతో పట్టించిన తుప్పు ఒళ్ళంతా ఒకేలా ఉంటుంది. అసలు తుప్పు మాత్రం అంచుల్లో, నాలుకల దగ్గర, చేతులు తగిలినచోట మొదలవుతుంది. భూతద్దంతో రంగు చూస్తే సన్నటి నాలుగురంగుల చుక్కలు వరసగా కనిపిస్తే కొత్త అచ్చని అనుమానించండి. 'మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్' అన్న ముద్ర నిజమైనదైతే ఆ బొమ్మ 1947, 1952 మధ్యది, అందుకే ఆ ముద్రకే ఎక్కువ నకిలీలు. ఇంగ్లండు డింకీ పోత బొమ్మల అచ్చులు కలకత్తాకు వచ్చి, వాటితో తయారైన నిక్కీ టాయ్స్ బొమ్మలు దొరికితే, రంగు పెచ్చులూడినా సరే, మళ్ళీ రంగు వేయకుండా తీసుకోండి. పిల్లల కోసమే కొంటుంటే మాత్రం 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అన్నది గుర్తుంచుకుని కొత్తదే కొనండి.

చివరగా, బొమ్మతో పాటు డబ్బాలో ఒక చీటీ పెట్టండి. ఏ లోహం, ఎక్కడ కొన్నది, ఏ ఏడు, ఏ భాగం ఎప్పుడు మార్చారు, లోపలి రాయి తీశారా లేదా. పెన్సిలుతోనే రాయండి, సిరా పెన్ను రాత చెమ్మకు పాకుతుంది. సీసపు బొమ్మ అయితే ఆ సంగతి డబ్బా మూత మీదే పెద్దక్షరాల్లో రాయాలి, తెరిచాక చదివితే లాభం లేదు.

ఇట్లు,
పాత బొమ్మలు బాగుచేసే ఒక పాఠకుడు,
సుల్తాన్‌బజార్, హైదరాబాద్